మన జట్టు ఏది?

ఉగాదినాడు పంచాంగ శ్రవణం ముగిసి, పచ్చడి పంచిపెట్టడం అయిన తరువాత, సంఘం పెద్దలము నలుగురమూ వసారాలో కుర్చీలు వేసుకుని కబుర్లలో పడటం ఏటేటా జరిగే పనే. ఆదాయ వ్యయాలూ, రాజపూజ్య అవమానాలూ లెక్క చూచుకున్నాక మాటలు ఎటు తిరిగినా చివరకు ఫుట్‌బాల్ దగ్గరకు వచ్చి ఆగుతాయి. మాలో చాలామందిమి చిన్ననాడు ఆ బంతి వెంట పరుగెత్తినవారమే. పరుగెత్తలేనివారు గట్టున కూర్చుని గొంతు పోయేటట్టు అరచినవారే. నిరుడు ఇలాగే అహమ్మద్ ఖాన్ గొప్పా, బలరాం గొప్పా అని వాదన పెరిగి గొంతులు హెచ్చుతూ వుండగా, మాలో ఒకరి మనుమడు, పన్నెండేళ్ళవాడు, దగ్గరకు వచ్చి, "తాతా, ఇంతకీ మన జట్టు ఏది?" అని అడిగాడు.

ప్రశ్న చిన్నదే. కాని ఒకరు హైదరాబాదు అన్నారు, ఒకరు మైసూరు అన్నారు, మూడవవారు ఏమీ అనక వూరుకున్నారు. పిల్లవాడు మా ముగ్గురి ముఖాలూ చూచి నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ఈ సంచికకు ఏదైనా వ్రాసి యిమ్మని సంపాదకులు అడిగినప్పుడు, ఆ పిల్లవాడికి బాకీ పడిన జవాబు వ్రాయటమే మేలని మాకు తోచింది.

ముందుగా మనం వున్న చోటు సంగతి చెప్పుకోవాలి. నిజాం 1800లో కుంఫిణీవారికి వదలుకున్న సీమలో బళ్ళారి ఒకటి. అప్పటినుంచి నూటయాభై యేళ్ళకు పైగా అది మద్రాసు కిందనే వుంది. ఈ వూళ్ళోనే ప్లీడరీ చేసుకుంటూ ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారూ, కోలాచలం శ్రీనివాసరావు గారూ తెలుగు నాటకాలు వ్రాశారు. ఈ వూరి పేరే ఇంటిపేరుగా చేసుకుని బళ్ళారి రాఘవ గారు దేశమంతా ఆడారు. ఆచార్యుల వారిది సరసవినోదినీ సభ. శ్రీనివాసరావు గారిది సుమనోరమ సభ. ఒక జట్టును మెచ్చి రెండవ జట్టుతో పోటీపెట్టి వాదులాడటం అనేది ఈ వూరికి ఫుట్‌బాల్ రాకముందే అలవాటని చెప్పటానికే ఈ మాట ఎత్తాము.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలోకి పోయినవి. బళ్ళారి తాలూకా సంగతి అంత సులభంగా తేలక, జస్టిస్ మిశ్రా గారి విచారణ జరిగి, చివరకు మిగిలిన తాలూకాలతోబాటు మైసూరులో కలిసింది. ఆ యేడే తుంగభద్ర నీరు కాలువలకు వచ్చింది. ఆ నీటి వెనుకనే కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల రైతులు కుటుంబాలతో వచ్చి సిరుగుప్ప, కంప్లి, గంగావతి వైపు భూములు కొని, క్యాంపులు కట్టుకుని స్థిరపడ్డారు. ఈనాడు మన సంఘంలో "ఏమప్పా" అనేవారూ, "ఏమండీ" అనేవారూ ఒకే బంతిలో కూర్చుని భోజనం చేయటానికి కారణం ఇదే. మొదటివారు కదలకుండానే వారి కింద రాష్ట్రం మారింది. రెండవవారు రాష్ట్రం మారి ఇక్కడకు వచ్చారు. ఇద్దరికీ "మనది ఏది?" అన్న ప్రశ్న మిగిలింది.

ఇక ఆట సంగతి. ఫుట్‌బాల్ మన వైపుకు దండుతో వచ్చింది. సికింద్రాబాదులో, బెంగుళూరులో తెల్లదొరల పటాలాలు దిగినచోటల్లా సాయంకాలం బంతి లేచేది. బళ్ళారి కూడా దండు వూరే. సోల్జర్లు ఆడుతుంటే గట్టున నిలబడి చూచిన పిల్లలు, వారు వెళ్ళిపోయిన తరువాత ఉత్తకాళ్ళతో ఆడటం మొదలుపెట్టారు. దక్షిణాదిన ఈ ఆటకు రెండు పెద్ద కేంద్రాలు హైదరాబాదు, బెంగుళూరు. రెండింటికీ నడుమ వుంది బళ్ళారి. గుంతకల్లు జంక్షనులో బండి మారితే ఎటైనా పోవచ్చును. పత్రికలు కూడా ఆ గుంతకల్లు మీదుగానే ఒకరోజు ఆలస్యంగా వచ్చేవి. అందుచేత మాకు హైదరాబాదు గెలుపూ, బెంగుళూరు గెలుపూ ఒకే కట్టలో, ఒకే రోజున, చల్లారిన తరువాతనే చేరేవి. మేము మాత్రం వాటిని మళ్ళీ వేడిచేసుకుని వారమంతా తినేవాళ్ళము.

హైదరాబాదులో ఈ ఆటకు పాదు వేసినవి స్కూళ్ళూ కాలేజీలూ. సిటీ కాలేజీలో చదివి బయటకు వచ్చిన కుర్రవాళ్ళు క్లబ్బులు పెట్టుకుని ఆడేవారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం జట్టులో ఆడిన వారిలో సయ్యద్ అబ్దుల్ రహీం ఒకరు. 1909లో పుట్టిన ఆయన వృత్తిచేత బడిపంతులు. హైదరాబాదు స్కూళ్ళలో పాఠాలు చెబుతూ, వ్యాయామ విద్యలో తర్ఫీదు పొంది, 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టుకు శిక్షకుడైనారు. ఆటగాళ్ళందరూ ఆయనను 'రహీం సాబ్' అనేవారు. ఆయన పంతులు గనుకనే ఆటను పాఠంలా చెప్పగలిగారని మా అభిప్రాయం.

ఆ రోజులలో జట్టు నిర్మాణం ఎలా వుండేదో నేటి పిల్లలకు తెలియదు గనుక కొంచెం చెబుతాము. గోలు కీపరు ఒకడు, వెనుక బ్యాకులు, మధ్య హాఫ్‌బ్యాకులు, ముందు అయిదుగురు ఫార్వర్డులు. ఈ అయిదుగురిలో ఇద్దరు అంచుల వెంట పరుగెత్తేవారు. ఇద్దరు లోపలి వైపు ఆడేవారు. నట్టనడుమ సెంటర్ ఫార్వర్డు. ఒక జట్టును గూర్చి అడిగితే మేము కీపరు పేరు చెప్పేవాళ్ళం కాము. కుడి అంచు నుంచి ఎడమ అంచు దాకా అయిదు పేర్లు వరుసగా, పద్యం అప్పజెప్పినట్లు చెప్పేవాళ్ళము.

అటువంటి అయిదు పేర్లలో అన్నిటికన్నా మేము ఎక్కువసార్లు అప్పజెప్పినవి కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టువి: వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహమ్మద్ ఖాన్, సాలె. బెంగాలీలు వారికి పంచపాండవులని పేరు పెట్టారు. పేరు బెంగాలీలదే గాని పాండవులు అయిదుగురూ దక్షిణాది వారే. వారు వున్న రోజులలో 1949, 1950, 1951 మూడు సంవత్సరాలూ వరుసగా ఐ.ఎఫ్.ఏ. షీల్డు ఈస్ట్ బెంగాల్‌దే. 1951, 1952లలో డ్యూరాండ్ కప్పు కూడా వారిదే. అహమ్మద్ ఖాన్ బెంగుళూరువాడు. బంతి ఆయన కాలికి అంటుకుని వుండేదని చూచినవారు చెప్పేవారు. అప్పారావు అన్న పేరు పత్రికలో చూస్తే చాలు, ఆయన ఏ వూరివాడని విచారించకుండానే మాకు బంధువైపోయేవాడు. బళ్ళారిలో కూర్చుని కలకత్తా జట్టును మనది అనుకోవటానికి మాకు ఆ రెండు పేర్లూ సరిపోయినవి.

రహీం గారి చేతిలోకి వచ్చిన తరువాత సిటీ పోలీసు చేసినది ఇంకొక ఎత్తు. 1950 నుంచి 1954 వరకు బొంబాయిలో రోవర్స్ కప్పు అయిదేళ్ళు వరుసగా వారే గెలిచారు. 1950లో ఢిల్లీ డ్యూరాండ్ ఫైనల్సులో మోహన్ బగాన్‌ను ఓడించారు. 1954లో ఆ కప్పు మళ్ళీ తెచ్చారు. అంతకుముందు బంతియాట అంటే కలకత్తాయే అనుకునే దేశం, పోలీసు వుద్యోగులు ఆడే ఈ హైదరాబాదు జట్టును చూచి ఆశ్చర్యపోయింది.

ఇది ఎలా సాధ్యమైనదన్నది అసలు కథ. మనవారికి అప్పటికి ఆట అంటే డ్రిబ్లింగే. బంతి దొరికినవాడు ఒకరిని, ఇద్దరిని, ముగ్గురిని తప్పించుకుని పోవాలి. గట్టుమీద మేము చప్పట్లు కొట్టాలి. నాలుగవవాడు బంతి లాక్కుంటే అది వాడి దురదృష్టం. రహీం గారు ఈ అలవాటు మాన్పించటానికి హైదరాబాదులో చిత్రమైన పోటీలు పెట్టారు. ఒకదానిలో డ్రిబ్లింగ్ చేయరాదు. బంతి రాగానే మరొకరికి అందించవలసిందే. ఇంకొకదానిలో అలవాటు లేని కాలితోనే, అంటే చాలామంది ఎడమకాలితోనే, తన్నాలి. నవ్వులాటగా మొదలైన ఈ పోటీలు రెండు మూడేళ్ళలో ఫలించినవి. ఏ కాలికి వచ్చినా బంతి ఆగకుండా పోవటం హైదరాబాదు ఆటకు గుర్తయింది. వెనుక హాఫ్‌బ్యాకుగా వుండి బంతిని ముందుకు నడిపిన నూర్ మహమ్మద్, బ్యాకుగా నిలిచిన అజీజుద్దీన్ వంటివారు ఆ పద్ధతిలో పండినవారే.

1951 మార్చిలో ఢిల్లీలో మొదటి ఆసియా క్రీడలు జరిగినవి. రహీం గారు భారత జట్టుకు శిక్షకులు. ఫైనల్సులో మేవాలాల్ కొట్టిన ఒకే గోలుతో ఇరాన్‌ను ఓడించి మనవారు బంగారు పతకం తెచ్చారు. ఆ సంతోషం ఏడాదిన్నర కూడా నిలవలేదు. 1952 జులైలో హెల్సింకీ ఒలింపిక్సులో యుగోస్లావియా మీద 10-1 తేడాతో ఓడిపోయాము. ఆ ఒక్క గోలూ అహమ్మద్ ఖాన్ కొట్టినది. "చలిదేశంలో బూట్లు లేకుండా ఆడారు, అందుకని ఓడారు" అని మా పెద్దలు సమాధానపడ్డారు. మేమూ చాలాకాలం అదే చెప్పుకున్నాము. బూట్లు లేని మాట నిజమే, ఆ తరువాత బూట్లు తప్పనిసరి చేసిన మాటా నిజమే. కాని రహీం గారు అంతటితో సరిపెట్టుకోలేదు. బంతి ఒక్కొక్కరి దగ్గర ఎంతసేపు ఆగుతున్నది, బంతి లేనివాడు ఏమి చేస్తున్నాడు అన్నవి ఆయన పట్టించుకున్న విషయాలు.

ఆ రోజులలోనే హంగేరీవారు సెంటర్ ఫార్వర్డును కొంచెం వెనుకకు దించి ఆడించి, 1953 నవంబరులో ఇంగ్లండును దాని సొంత వెంబ్లీ మైదానంలో 6-3తో చిత్తుచేశారు. కాపలా కాయవలసిన బ్యాకుకు తాను ఎవరిని కాయాలో తెలియక పోవటమే ఆ ఎత్తులోని కిటుకు. ఇటువంటి కొత్త పద్ధతులు విని, చదివి, మన కుర్రవాళ్ళకు తగినట్లు మలచుకున్నవారిలో రహీం గారు మొదటివారు. నలుగురు వెనుక, ఇద్దరు నడుమ, నలుగురు ముందు నిలిచే పద్ధతి 1958లో బ్రెజిల్ ప్రపంచకప్పు గెలిచిన తరువాత లోకమంతటా వాడుకలోకి వచ్చింది. దాని మేలు అంతకు ముందే గుర్తించినవారిలో ఆయననూ చెబుతారు.

ఇక్కడ మన సరిహద్దు సంగతి మళ్ళీ వస్తుంది. 1952-53 సంతోష్ ట్రోఫీ మైసూరు గెలిచింది. అదే 1953లో బళ్ళారి మైసూరులో కలిసింది. స్కూలు మైదానంలో కన్నడం మాట్లాడే స్నేహితులు, "ఇక మీరూ ఛాంపియన్లే" అని వీపు తట్టారు. రోవర్స్ కప్పు మాత్రం ఏటా హైదరాబాదు పోతున్నది గదా! ఆదోనిలో వున్న మేనమామలు ఆంధ్ర రాష్ట్రపు వారైనారు. వారికి హైదరాబాదు ఇంకా పొరుగు రాష్ట్రమే. అయినా వుత్తరాలలో "మన పోలీసు జట్టు" అని వ్రాసేవారు. ఒకే ఇంట్లో అన్న మైసూరు పక్షం, తమ్ముడు హైదరాబాదు పక్షం అయి, కప్పు ఫలితం వచ్చిన రోజున మాటలు మానుకున్న సందర్భాలు మా ఎరుకలోనే వున్నవి. అమ్మ ఇద్దరికీ ఒకే పళ్ళెంలో కలిపి పెట్టి రాజీ చేసేది.

1956 నవంబరు 1న రాష్ట్రాలన్నీ మళ్ళీ మారినవి. హైదరాబాదు రాష్ట్రం అంతరించింది. తెలంగాణం ఆంధ్రతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయింది. మైసూరు రాష్ట్రం పెరిగింది. సరిగ్గా నెల తిరిగేటప్పటికి, డిసెంబరు 1న, మెల్బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టు ఆస్ట్రేలియాతో ఆడింది. మొదటి ఆటకు ప్రత్యర్థిగా వుండవలసిన హంగేరీ తప్పుకున్నందున మనకు ఆడకుండానే ముందడుగు పడింది. ఆస్ట్రేలియా వారి సొంత గడ్డమీద వారిని 4-2తో ఓడించాము. బొంబాయి నుంచి వచ్చిన నెవిల్ డిసౌజా మూడు గోళ్ళు కొట్టాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోళ్ళు కొట్టిన తొలి ఆసియావాసి ఆయనే. నాలుగవది కృష్ణస్వామిది, అందరూ 'కిట్టు' అని పిలిచేవారు.

మరి మూడు రోజులకు సెమీ ఫైనల్సు. ఎదురుగా మళ్ళీ యుగోస్లావియా. నాలుగేళ్ళ క్రితం పది గోళ్ళు కొట్టిన దేశం. మొదటి సగంలో ఎవరికీ గోలు లేదు. రెండవ సగం మొదలైన కాసేపటికి డిసౌజా గోలు కొట్టాడు. భారతదేశం ఒలింపిక్ ఫైనల్సు అంచున నిలబడింది. మా జ్ఞాపకంలో ఆ ఆధిక్యం అరగంటసేపు నిలిచింది. ఎన్నోసార్లు అలాగే చెప్పుకున్నాము. లెక్కలు తీసి చూస్తే అది కొద్ది నిమిషాల ముచ్చటే! యుగోస్లావియా వెంట వెంటనే రెండు కొట్టి, చివరకు 4-1తో గెలిచింది. కంచు పతకం ఆటలో బల్గేరియా మీద 3-0తో ఓడి నాలుగవ స్థానంతో తిరిగి వచ్చాము. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారతదేశం ఇప్పటివరకు చేరిన అన్నిటికన్నా పై మెట్టు అదే. జ్ఞాపకం నిమిషాలను సాగదీస్తే సాగదీయనీ. పది గోళ్ళ తేడా నాలుగేళ్ళలో ఎంత తగ్గిందో చెప్పటానికి ఏ సాగదీతా అక్కరలేదు.

ఆ మెల్బోర్న్ జట్టులో హైదరాబాదు వారు చాలామందే వున్నారు. వారిలో మేము మరువలేనివాడు తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడలో బీద కుటుంబంలో పుట్టాడు. స్థానిక ఆటలో అతనిని చూచిన రహీం గారు ఫతే మైదానానికి రమ్మన్నారు. రోజూ అంతదూరం రావటానికి డబ్బులు లేవని కుర్రవాడు చెబితే, సైకిలు అద్దెకు ఆయనే ఏర్పాటు చేశారట. అలా వచ్చినవాడు ఇరవై యేళ్ళకే మెల్బోర్న్ వెళ్ళాడు. 1960లో రోములో హంగేరీ మీద ఒక గోలు, పెరూ మీద ఒక గోలు కొట్టాడు. హంగేరీతో 2-1 తేడాతో మాత్రమే ఓడాము. ఫ్రాన్సుతో 1-1 సమానంగా ముగించాము. చూని గోస్వామి, పి.కె. బెనర్జీ, బలరాం ముగ్గురినీ కలిపి చెప్పకుండా ఆనాటి భారత దాడిని గూర్చి ఎవరూ మాట్లాడరు. బెంగాలీలు ఇద్దరు, మనవాడు ఒకడు అని మేము లెక్క చెప్పేవాళ్ళము.

ఆ పాఠమంతా పండిన రోజు 1962 సెప్టెంబరు 4. జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను రానీయకపోవటం మీద మన దేశపు క్రీడా ప్రముఖుడు సోంధీ గారు చేసిన ఆక్షేపణతో అక్కడి జనం భారతీయులంటే మండిపడుతున్నారు. మైదానంలో మనవారు కాలు పెడితే చాలు, కేకలు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాము. తరువాత థాయిలాండును, జపానును, సెమీ ఫైనల్సులో 3-2తో దక్షిణ వియత్నాంను గెలిచి, ఫైనల్సులో మళ్ళీ అదే కొరియా ముందు నిలబడ్డాము. జర్నైల్ సింగుకు తలకు దెబ్బ తగిలి కుట్లు పడినవి. ఆయన బ్యాకు. రహీం గారు ఆయనను ఇంట్లో కూర్చోబెట్టక, ఏకంగా సెంటర్ ఫార్వర్డుగా ముందుకు పంపారు. పదిహేడవ నిమిషంలో పి.కె. గోలు, మరి మూడు నిమిషాలకు ఆ కుట్ల తలతోనే వున్న జర్నైల్ సింగు గోలు. చివరలో కొరియా ఒకటి కొట్టినా 2-1తో బంగారం మనది. గోలులో థంగరాజ్ సికింద్రాబాదులో ఆట నేర్చినవాడు. ముందు వరుసలో బలరాం, చూని. ఎటు చూసినా దేశమంతా ఆ మైదానంలో వుంది.

ఆనాటి ఆటలో ఒక సంగతి మేము ఎప్పుడు చెప్పుకున్నా గొంతు కొంచెం పట్టేస్తుంది. ఆ మహాజనం అంతా మన మీద అరుస్తుంటే, ఒక మూల నుంచి మాత్రం మనవారికి ప్రోత్సాహం వినవచ్చిందని ఆడినవారు తరువాత చెప్పారు. ఎవరా అని చూస్తే పాకిస్తాన్ హాకీ జట్టు. దేశం రెండుగా చీలి అప్పటికి పదిహేనేళ్ళు. పెద్ద సరిహద్దుకు అవతలివారు అలా చేయగలిగితే, మన చిన్న సరిహద్దు మీద అన్నదమ్ములం మాటలు మానుకోవటం మాకే సిగ్గనిపించింది.

రహీం గారికి అప్పటికే జబ్బు ముదిరింది. 1963 జూన్ 11న క్యాన్సరుతో కన్నుమూశారు. ఆ తరువాత 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంతకుముందు 1956-57, 1957-58లలో హైదరాబాదు పేరుతో రెండుసార్లు గెలిచివున్నారు. మైసూరు 1967-68, 1968-69లలో వరుసగా గెలిచింది. అటుతరువాత క్రమంగా పత్రికల నుంచి ఆ పేర్లు జారిపోయినవి. క్రికెట్టు వచ్చి మైదానాలు ఆక్రమించిందని కొందరంటారు. వేరే వూళ్ళలో పెద్ద క్లబ్బులు మంచి ఆటగాళ్ళను తీసుకుపోయినవని కొందరంటారు. బలరాం కూడా కలకత్తా వెళ్ళి, అక్కడే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. మన ప్రాంతంనుంచి వెళ్ళినవాడికి బెంగాలీలు కంటతడి పెట్టారు. 2024లో 'మైదాన్' అనే హిందీ చిత్రం వచ్చిన తరువాతనే మన పిల్లలు చాలామంది రహీం గారి పేరు విన్నారు.

ఇప్పుడు పిల్లవాడి ప్రశ్నకు వద్దాము. మేము తెలుగువారి జట్టు అని గర్వపడిన ఆ సిటీ పోలీసులో ఎక్కువమంది ఇండ్లలో మాట్లాడేది ఉర్దూ. బలరాం ఇంట అరవం. రహీం గారు పాఠం చెప్పినది ఉర్దూలోనే. అటు మైసూరు జట్టు అని మా స్నేహితులు చెప్పుకున్నదానిలో అహమ్మద్ ఖాన్, రామన్, షణ్ముగం, బషీర్ వంటి పేర్లే వున్నవి. వారిలో కన్నడం ఇంటి భాషగా గలవారు ఎందరో వెతుక్కోవలసిందే. భాషను బట్టి రాష్ట్రాలు గీచిన ఆ సంవత్సరాలలోనే, మేము తలకెత్తుకున్న రెండు జట్లూ ఏ గీతలోనూ ఇమడనివి. ఇది తెలిసీ మేము అవి మావే అనుకున్నాము. పొరబాటుపడ్డామని ఇప్పటికీ అనుకోవటం లేదు. ఒక జట్టు మనదయ్యేది దాని పేర్ల పట్టిక చూచి కాదు గదా. దాని గెలుపుకు మనం నిద్రపోనందువల్ల, దాని ఓటమికి మనం అన్నం మానినందువల్ల.

ఈ జిల్లాలో ఈనాడు ఇంకొక ముచ్చట జరుగుతున్నది. తోరణగల్లు వుక్కు కర్మాగారం పక్కన విద్యానగరంలో 2018లో పెద్ద క్రీడా విద్యాసంస్థ వెలిసింది. బెంగుళూరు ఫుట్‌బాల్ క్లబ్బు కుర్రవాళ్ళు అక్కడ వుండి తర్ఫీదు పొందారు. కర్మాగారంలో పనిచేసే మన తెలుగు కుటుంబాల పిల్లలు కొందరు సాయంకాలం కంచె దగ్గర నిలబడి చూస్తుంటారు. దండులో సోల్జర్ల ఆట చూచిన ఆనాటి పిల్లలు ఎలా నిలబడ్డారో అలాగే. ఆ బెంగుళూరు క్లబ్బు 2022లో డ్యూరాండ్ కప్పు గెలిచింది. అదే సంవత్సరం మార్చిలో హైదరాబాదు పేరు గల జట్టు ఇండియన్ సూపర్ లీగు గెలిచింది. ఆరునెలల తేడాతో రెండు పండుగలు. ఈసారి మేము మాటలు మానుకోలేదు. రెంటికీ మిఠాయి పంచాము.

కాబట్టి, నాయనా, మన జట్టు ఏది అంటే, రహీం గారి పోటీలలో నియమమే మా జవాబు. బంతి దొరికినవాడు దాచుకోరాదు, పక్కవాడికి అందించాలి. ఈ పేర్లూ, ఈ ఆటలూ మా దగ్గర చాలాకాలం ఆగిపోయినవి. వసారాలో మాలో మేమే డ్రిబ్లింగ్ చేసుకుంటూ వచ్చాము. ఈ ఉగాదికి నీకు అందిస్తున్నాము. హైదరాబాదుకు చప్పట్లు కొట్టు, బెంగుళూరుకూ కొట్టు. నీ పక్కన కూర్చున్న కన్నడపు స్నేహితుడు వేరే జట్టుకు కొడుతుంటే వాడి చేతిలో కొంచెం బేవుబెల్ల తీసుకుని, నీ పచ్చడి వాడికి పెట్టు. రెండింటిలోనూ వేపపువ్వే, రెండింటిలోనూ బెల్లమే.

పెద్దలందరికీ నమస్కారాలు. పిల్లలకు ఆశీస్సులు. ఈ సాయంకాలం ఎవరైనా ఒక బంతి తెస్తే, మాలో ఇద్దరు ముగ్గురం గోలు కీపరుగా నిలబడటానికి ఇంకా సిద్ధంగానే వున్నాము.